శ్లాబులో ఎర్రమచ్చ

దీపావళి వెళ్ళాక మాచర్లలో ఒక్క చినుకు పడలేదు. అయినా ఇందిర పడకగది శ్లాబు తడుస్తూనే ఉంది.

మొదట అది అరచేతి వెడల్పు మరక. ఫ్యానుకూ కిటికీకీ నడుమ, పైన ఎవరో టీ ఒలకబోస్తే ఇంకినట్టు ఉండేది. తర్వాత అంచులు నల్లబడ్డాయి. రంగు ఉబ్బి పొక్కులుగా లేచింది. పొద్దున్నే దుప్పటి దులిపితే తెల్లటి పొడి రాలేది. గదిలో అడుగుపెడితే తడిసిన గోనెసంచుల వాసన. ఇందిరకు చిన్నప్పటినుంచీ ఆయాసం. ఆ బూజు వాసన మొదలయ్యాక ఆమె ఛాతీలో పిల్లికూతలు ఆగలేదు. పడక హాల్లో దివాను మీదికి మార్చుకుంది గానీ, మనసు మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది. పెచ్చు ఊడి పడుతుందేమో. ఫ్యాను కొక్కెం తుప్పుపట్టి జారుతుందేమో. తడి కరెంటు పైపులోకి దిగి, స్విచ్చి ముట్టుకున్న మనిషిని పట్టేస్తుందేమో. కూర తరుగుతూ తరుగుతూ లేచి వెళ్ళి ఒకసారి పైకి చూసి వచ్చేది. చూసిన ప్రతిసారీ మరక కాస్త పెరిగినట్టే అనిపించేది.

ఆమె భర్త శివరామయ్యకు స్టేషన్ రోడ్డులో పురుగుమందుల కొట్టు ఉంది. భయపడాల్సిన చోట కోప్పడటం అతని స్వభావం.

"పైన ఆ పిల్ల బకెట్లకు బకెట్లు కుమ్మరిస్తా ఉంటే తడవక ఏం చేస్తది?" అనేవాడు.

పైభాగంలో అద్దెకు ఉండేది ఝాన్సీ. ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సొంతూరు నడికుడి. తండ్రి రైల్వేలో పనిచేసి చనిపోయాడు, తల్లి ప్రేమమ్మ అక్కడే ఉంటోంది. నైట్ డ్యూటీలు కావడంతో ఝాన్సీ వేళ కాని వేళల్లో వచ్చేది. రాగానే స్నానం చేసేది. కింద ఉన్న ఇందిరకు ఆ నీళ్ళ చప్పుడు వినపడేది. విన్న ప్రతిసారీ తన నెత్తిన పోస్తున్నట్టే ఉండేది.

మేస్త్రీ వచ్చి బాత్రూం టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు కూరి వెళ్ళాడు. ప్లంబరు వచ్చి ట్యాపులన్నీ మార్చాడు. పెయింటరు మరక మీద ఏదో మందు పూసి, పైన రంగు కొట్టాడు. కొన్నాళ్ళకే ఆ రంగులోంచి మరక మళ్ళీ పైకి తేలింది. ఆ రోజు శివరామయ్య మెట్లెక్కి వెళ్ళి, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమని ఝాన్సీతో చెప్పాడు.

"మీ పైపుల్లో లీకుంటే నన్ను ఖాళీ చెయ్యమంటారేంది అంకుల్?" అంది ఆ అమ్మాయి. "పేషెంట్ల మధ్య రాత్రంతా తిరిగొచ్చి స్నానం చెయ్యకుండా పడుకోవాల్నా?"

"చెయ్యి. ఎంతసేపు చేస్తావ్? అది చెప్పు ముందు."

"అది కూడా మీరే చెప్తారా?"

ఆ మాటతో తలుపు పడింది. అప్పటినుంచి ఝాన్సీ మెట్లు దిగుతూ కింది వాకిలి వైపు చూడడం మానేసింది. కరెంటు బిల్లు సంగతి అయినా ఫోనులో మెసేజే.

భావన గురించి చెప్పింది పిడుగురాళ్ళలో ఉన్న తోటి వ్యాపారి. నరసరావుపేట అమ్మాయి, సివిల్ ఇంజనీరింగు చదివింది, గోడలు పగలగొట్టకుండా కెమెరాతో చూసి లీకు ఎక్కడుందో చెప్తుంది అన్నాడు. శివరామయ్యకు నమ్మకం లేదు. ఇందిర పోరు పడలేక పిలిపించాడు.

శనివారం ఉదయం భావన బస్సు దిగి వచ్చింది. సన్నగా, కళ్ళజోడుతో, భుజాన బరువైన బ్యాగుతో ఉంది. చలికి స్వెట్టరు వేసుకుంది. మంచినీళ్ళు తాగి నేరుగా పడకగదిలోకి నడిచింది. స్టూలెక్కి ఒక కర్రతో శ్లాబును తట్టుకుంటూ పోయింది. చాలామేర గట్టిగా పలికింది. మరక దగ్గరికి వచ్చేసరికి డొల్లగా మోగింది.

"ఇక్కడ పెచ్చు లోపల వదిలేసింది ఆంటీ. ముందు మంచం ఇవతలికి జరుపుదాం."

ముగ్గురూ కలిసి మంచం జరిపారు. ఇన్ని రోజులూ తను పడింది ఉత్త భయం కాదని ఇందిరకు తెలిసింది.

భావన తడిని కొలిచే, రెండు ముళ్ళున్న చిన్న మీటరును గోడకు గుచ్చి చూసింది. అది కీచుమంది. తర్వాత బ్యాగులోంచి కెమెరా తీసింది. దాని తెరలో శ్లాబు రంగురంగులుగా కనిపించింది. తడి ఉన్నచోటు చల్లగా ఉంటుంది కాబట్టి నీలంగా కనపడుతుందని, వెచ్చగా ఉన్నచోటు పసుపుగా, ఎర్రగా కనపడుతుందని చెప్పింది. ఇందిర తొంగి చూసింది. కంటికి కనపడే మరక చేటంత. తెరలో నీలం మాత్రం ఫ్యాను దాటి, బీరువా వెనక గోడ మీదుగా కిందికి పారి ఉంది.

"ఇంత ఉందా!" అంది ఇందిర.

"అంతా పై బాత్రూమే గదా?" అన్నాడు శివరామయ్య.

"బాత్రూమే సార్. కానీ అందులో ఏదో ఇంకా తెలీదు. ట్యాంకు నుంచి నీళ్ళు తెచ్చే పైపు కావచ్చు. వాడిన నీళ్ళు బయటికి పోయే పైపు కావచ్చు. లేదంటే టైల్స్ సందుల్లోంచి దిగుతుండచ్చు. పైన కాసేపు వేడినీళ్ళు వాడితే తేలిపోతుంది. నీలం మధ్యలో ఎక్కడ ముందు ఎర్రబడితే లీకు అక్కడే."

పైకి వెళ్ళి అడగాలి. శివరామయ్య కిటికీలోంచి వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇందిరే భావనను వెంటబెట్టుకుని మెట్లెక్కింది.

ఝాన్సీ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది. యూనిఫాం ఇంకా మార్చుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భావన చెప్పిందంతా తలుపుకు ఆనుకుని విన్నది.

"వేడినీళ్ళే గదా. నేను ఎటూ తలస్నానం చెయ్యాలి. ఆ నీళ్ళే చూసుకోండి మీ కెమెరాలో." ఇందిర వైపు తిరిగింది. "ఎన్ని బకెట్లు పోసుకున్నానో అంకుల్‌ని కింద కూర్చుని లెక్కేసుకోమనండి ఆంటీ."

ఇందిరకు మొహం మాడిపోయింది. "అట్టా అనమాక అమ్మాయ్," అంది గానీ, ఆ మాట తనకే బలంగా వినపడలేదు.

"తలుపు దగ్గరికేసి ఉంచుతా," అంది ఝాన్సీ భావనతో. "నేను బయటికొచ్చాక మీరు పైకొచ్చి చూసుకోండి."

కిందికి వచ్చి ముగ్గురూ శ్లాబు కింద నిలబడ్డారు. కాసేపటికి పైన బకెట్టు జరిపిన చప్పుడు, నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడ్డాయి. భావన కెమెరాను స్టాండుకు బిగించి తెరను అందరికీ కనపడేలా తిప్పింది. నీలం నీలంగానే ఉంది. ఇందిర ఊపిరి బిగబట్టి చూస్తోంది. లీకు దొరకాలని ఉంది. దొరికితే ఏం వినాల్సి వస్తుందోనని కూడా ఉంది.

ఉన్నట్టుండి మూల వైపు ఒక చుక్క పసుపుపచ్చగా మారింది. చూస్తుండగానే అది నారింజ రంగుకు తిరిగి, నడుమ ఎర్రగా అయింది.

"దొరికింది!" అంది భావన. స్టూలెక్కి ఆ చోటు చుట్టూ పెన్సిలుతో గీత గీసింది. "నీళ్ళు పోయే పైపు సార్. కిందికి వంపు తిరిగే చోట అతుకు వదిలేసింది. టైల్స్‌కు ఏమీ కాలేదు. ట్యాపుల తప్పూ కాదు. ఎంత జాగ్రత్తగా వాడినా, వాడినప్పుడల్లా కారుతుంది."

శివరామయ్య ఆ గీత వైపు చూశాడు. ఇల్లు కట్టినప్పుడు ఆ పైపులు దగ్గరుండి వేయించింది తనే. ఇందిర మాత్రం గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఒక్క టైలు తీసి అతుకు మారిస్తే సరిపోతుందట. అంతేనట.

"ఇంక చాలు ఆంటీ. నీళ్ళు కట్టెయ్యమనండి. పెచ్చు మీద బరువు పెరుగుతుంది."

ఇందిర ఫోను చేసింది. పైన ఫోను మోగడం కిటికీలోంచి వినపడింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఎత్తలేదు.

"స్నానం చేస్తుంది గదా, ఎట్టా ఎత్తుద్ది," అంది తనకు తానే చెప్పుకున్నట్టు.

భావన మీటరు బ్యాగులో సర్దుకుంది. పైన నీళ్ళ చప్పుడు ఆగలేదు. బకెట్టు చప్పుడు, మగ్గు చప్పుడు లేవు. ఒకే ధారగా నీళ్ళు పడుతున్నాయి. పెన్సిలు గీత దగ్గర శ్లాబు నుంచి ఒక బొట్టు జారి నేల మీద పడింది. వెంటనే ఇంకొకటి. ఇందిర పరుగున వెళ్ళి బేసిన్ తెచ్చి పెట్టింది.

శివరామయ్య పెరట్లోకి వెళ్ళి తల పైకెత్తి కేకేశాడు. "ఇదిగో అమ్మాయ్! చాలు, కట్టెయ్ ఇంక!"

జవాబు లేదు.

"అమ్మాయ్! నిన్నే!"

పక్కింటి డాబా మీద వడియాలు ఎండబెడుతున్నావిడ తొంగి చూసింది గానీ, పై బాత్రూంలోంచి మాత్రం పలుకు లేదు. లోపలికి వచ్చేసరికి అతని మొహం కందగడ్డలా ఉంది.

"చూశావా? కావాలనే వదిలింది. లెక్కేసుకోమనడం నాకూ వినపడింది. అందుకు. శ్లాబు కూలేదాకా వదులుద్ది."

ఇందిరకూ అదే అనిపించింది. తలుపు దగ్గర ఆ పిల్ల అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. బొట్లు గబగబా పడుతున్నాయి. ఏ క్షణాన పెచ్చు ఊడుతుందోనని ఆమె చూపు శ్లాబు మీదే ఉంది. బేసిన్ జరుపుతుంటే ఒక బొట్టు ముంజేతి మీద పడింది. వెచ్చగా ఉంది.

బ్యాగు జిప్పు వేస్తున్న భావన ఆగింది. స్టాండు మీది తెర వైపు చూసింది. దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసింది. మచ్చ చేటంత అయింది. నడుమ భాగం ఎరుపు దాటి తెల్లబడుతోంది.

"ఆంటీ, పైన గీజరు ఎంత పెద్దది?"

"చిన్నదే. గోడకు తగిలించి ఉంటది."

"చిన్నదైతే ఈపాటికి వేడినీళ్ళు అయిపోవాలి. చన్నీళ్ళు రావాలి. మచ్చ చల్లబడాలి. ఇది ఇంకా వేడెక్కుతోంది." ఆమె గొంతు మారింది. "కరెంటు గీజరేనా?"

"కరెంటుది గాదు, గ్యాసుది," అన్నాడు శివరామయ్య. "నేనే పెట్టించా. సిలిండరు వరండాలో ఉంటది."

"గీజరు?"

"బాత్రూంలోనే."

"లోపల గాలి పోవడానికి కిటికీ ఏమన్నా ఉందా సార్?"

శివరామయ్య తల పైకెత్తి శ్లాబు వైపు చూశాడు. వానాకాలంలో కోతులు బాత్రూం వెంటిలేటరు గుండా దూరి, ఝాన్సీ ఇంట్లో సామానంతా చిందరవందర చేశాయి. ఆ పిల్ల భయపడి ఫోను చేస్తే తనే నిచ్చెన వేసుకుని ఎక్కి, వెంటిలేటరుకు అడ్డంగా రేకు పెట్టి మేకులు కొట్టాడు. కోతులు మళ్ళీ రాలేదు. ఆ రోజు ఝాన్సీ థాంక్స్ అంకుల్ అని టీ పెట్టి ఇచ్చింది.

"రేకు కొట్టా," అన్నాడు. "మూసేశా."

భావన తలుపు వైపు కదిలింది. "గ్యాసు గీజరు నీళ్ళు పారినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. మూసిన బాత్రూంలో అంతసేపు వెలిగితే విషవాయువు నిండుతుంది. వాసన కూడా రాదు. పదండి, ఆమె పడిపోయి ఉంటుంది. పదండి!"

ఇందిర మెట్లెక్కిన సంగతి తర్వాత ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఛాతీలో ఎవరో గుడ్డ బిగించి కట్టినట్టయింది. రెయిలింగు పట్టుకుని పైకి చేరేసరికి భర్త వరండాలో నిలబడి తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయి ఉన్నాడు.

"ఏవయ్యా, నిలబడ్డావేంది!"

"ఆడపిల్ల స్నానం చేస్తంటే నేనెట్టా పోయేది ఇందిరా? ఏమీ కాకుంటే? ఎంత మాటొచ్చుద్ది!"

"ఏదన్నా అయితే? పో, పోయి తలుపు పగలగొట్టు. కొట్టి ఇవతలికి రా. మేం చూసుకుంటాం."

ముందు తనే సిలిండరు దగ్గరికి ఉరికి, వంటింట్లో రోజూ చేసినట్టే రెగ్యులేటరు నాబు తిప్పి ఆపేసింది. బాత్రూంలోంచి వినిపిస్తున్న సన్నటి బుస్సుమనే మోత ఆగింది. నీళ్ళ చప్పుడు మాత్రం అలాగే ఉంది.

దగ్గరికేసిన వాకిలి తోసుకుని లోపలికి వెళ్ళారు. బాత్రూంది ప్లాస్టిక్ తలుపు. "ఝాన్సీ! అమ్మా ఝాన్సీ!" అని శివరామయ్య రెండు చేతులా బాదాడు. పలకలేదు. భుజంతో ఒక్క పోటు పొడిచాడు. గడియ ఊడింది గానీ తలుపు కొంచెమే తెరుచుకుంది. లోపల ఏదో అడ్డం ఉంది.

"మనిషి అడ్డం ఉంది," అన్నాడు. అతని గొంతు ఇందిర ఎప్పుడూ విననంత చిన్నగా ఉంది. తలుపును మెల్లగా, బలంగా తోసి సందు చేసి, మొహం పక్కకు తిప్పుకుని వెనక్కి వచ్చాడు. ఆ వెంటనే బయటికి పరుగెత్తి, వరండా పిట్టగోడ ఎక్కి వెంటిలేటరు రేకును చేతులతో పట్టి పెరకసాగాడు.

"ఊపిరి బిగబట్టండి ఆంటీ. మీరు వద్దు, నేను వెళ్తా," అంది భావన. ఇందిర వినలేదు. మంచం మీది దుప్పటి లాక్కుని ఆమె వెనకే దూరింది. లోపల మొహానికి వేడి ఆవిరి కొట్టింది. ఝాన్సీ తలుపు వైపు ఒరిగి పడి ఉంది. తల మీద ఇంకా షాంపూ నురగ ఉంది. తలుపు తీయబోయి పడినట్టు ఒక చెయ్యి గడియ వైపు చాచి ఉంది. దుప్పటి కప్పి, భావన చంకల కింద చేతులు పెట్టి, ఇందిర కాళ్ళు పట్టి ఈడ్చారు. తడి నేల మీద ఇద్దరూ జారారు. గది దాటి, వాకిలి దాటి, వరండాలో చల్లగాలి తగిలే చోట పడుకోబెట్టారు.

"ఝాన్సీ! ఒసేయ్ ఝాన్సీ! కళ్ళు తెరవ్వే!"

ఆ పిల్ల తెరవలేదు. భావన ఆమె ముక్కు దగ్గర చెవి పెట్టింది. "ఊపిరి ఉంది. ఆడుతోంది," అంది. ఆ మాట విన్నాక ఇందిర గోడకు చేరగిలబడి తన ఊపిరి తను వెతుక్కుంది. లోపలికి పోతోంది గానీ బయటికి రావట్లేదు. కొంగు ముడిలోంచి ఇన్‌హేలర్ తీసి పీల్చుకుంది.

శివరామయ్య అప్పటికే వీధిలోకి పరుగెత్తాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వీధి చివర ఉండే యల్లమంద ఆటో తెచ్చి గేటుకు ఆనించాడు. దుప్పటితో సహా ఎత్తి ఆటోలో పెట్టారు. తలను ఇందిర ఒళ్ళో పెట్టుకుంది. రెండు పక్కలా తెరలు ఎత్తేసి, గాలి మొహానికి తగిలేలా యల్లమంద తోలాడు. బస్టాండు దగ్గర పత్తి లారీ అడ్డం వచ్చి ఆటో ఆగినప్పుడు శివరామయ్య దిగి, లారీ బానెట్టు మీద చేత్తో కొట్టి బూతులు తిట్టాడు. డ్రైవరు భయపడి వెనక్కి తీశాడు. బానెట్టు మీద నెత్తుటి మరక పడింది. రేకు పెరికినప్పుడు తన అరచెయ్యి చీలిన సంగతి అతను అప్పుడే చూసుకున్నాడు.

ఝాన్సీ పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. తెల్లవారేదాకా అక్కడే డ్యూటీ చేసి వెళ్ళిన పిల్లను స్ట్రెచరు మీద చూసి నర్సులు ఘొల్లుమన్నారు. అయినా వాళ్ళ చేతులు ఆగలేదు. క్షణాల్లో మాస్కు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. డాక్టరు వచ్చి చూసి, భావన చెప్పింది విని తల ఊపాడు.

"రక్తంలోకి విషవాయువు ఎక్కింది. ఆక్సిజన్ మీద ఉంచుతున్నాం. ప్రాణానికి ఫర్వాలేదనే అనుకుంటున్నా. కానీ మెదడుకు ఎంతసేపు గాలి అందలేదో తెలీదు. లేచి మనుషుల్ని గుర్తుపట్టేదాకా నేనేమీ చెప్పలేను."

బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. భావన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"వేడినీళ్ళు అడిగింది నేనే ఆంటీ. గీజరు ఎలాంటిదని ఒక్క మాట అడగలేదు. లీకు దొరికిందని సంబరపడ్డా."

"నువ్వు గాబట్టి కనిపెట్టావు," అంది ఇందిర ఆమె చెయ్యి పట్టుకుని. ఆ మాట ఆ అమ్మాయికి ఎక్కినట్టు లేదు. ఇందిరకు మాత్రం వేరే సంగతి లోపల తొలుస్తోంది. ఫోను ఎత్తనప్పుడు, కేకేస్తే పలకనప్పుడు, ఏమైందోనని ఎవరికీ అనిపించలేదు. కక్షతో చేస్తోందనుకున్నారు. బేసిన్ తెచ్చి పెట్టి, శ్లాబు ఏమవుతుందోనని చూస్తూ నిలబడింది తను. ఆ కాసేపూ ఆ పిల్ల తలుపు గడియ వైపు చెయ్యి చాచి పడి ఉంది.

నర్సులు ఫోను చేస్తే ప్రేమమ్మ నడికుడి నుంచి దొరికిన బస్సు పట్టుకుని వచ్చింది. పొలం నుంచి ఉన్నపళాన వచ్చినట్టు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకునే ఉన్నాయి. కూతురిని అద్దంలోంచి చూసింది. పెదాలు కదిలించుకుంటూ ప్రార్థన చేసుకుంది. తర్వాత వచ్చి శివరామయ్య ఎదుట నిలబడింది.

"కోతులొస్తున్నాయంటే రేకు కొట్టించారని చెప్పింది నా బిడ్డ. అందుకేనా అయ్యా ఇట్టా అయింది?"

నర్సు కట్టు కడతానంటే వద్దన్న చెయ్యిని అలాగే ఒళ్ళో పెట్టుకుని శివరామయ్య తలెత్తాడు. జరిగింది తిప్పి చెప్పడానికి అతనికి ఎన్నో దారులున్నాయని ఇందిరకు తెలుసు.

"అవునమ్మా. నేనే కొట్టా. గ్యాసు గీజరు లోపల పెట్టించిందీ నేనే. తెలవక చేశా."

ప్రేమమ్మ వెళ్ళి బెంచీకి ఆ చివర కూర్చుంది. చాలాసేపటి తర్వాత ఇందిర టీ తెచ్చి ఇస్తే తీసుకుంది గానీ తాగలేదు.

సాయంత్రం ఎండ వరండా దాటిపోతుండగా లోపలినుంచి నర్సు పరుగున వచ్చింది. ఝాన్సీ కళ్ళు తెరిచింది. అమ్మా అన్నది. వాంతి చేసుకుంది. తల పగిలిపోతోందని ఏడ్చింది. డాక్టరు వేళ్ళు చూపించి, పేరు అడిగి, ఊరు అడిగి, అప్పుడు నవ్వాడు. ప్రేమమ్మ లోపలికి వెళ్ళింది. శివరామయ్య గోడ వైపు తిరిగి నిలబడి, కట్టులేని చేత్తోనే మొహం తుడుచుకున్నాడు.

భావన ఆఖరి బస్సుకు వెళ్ళిపోయింది. ఆ రాత్రికి ఉండమంటే ఉండలేదు. ఇకమీదట ఏ ఇంటికి వెళ్ళినా ముందు గీజరు చూశాకే కెమెరా తీస్తానని మాత్రం చెప్పింది.

మర్నాడే శివరామయ్య గీజరు విప్పించి పారేశాడు. వెంటిలేటరుకు రేకు బదులు ఇనప జాలీ బిగించాడు. భావన గీత గీసిన చోటికి సరిగ్గా పైన మేస్త్రీ ఒక్క టైలు లేపితే, వంపు దగ్గర అతుకు నోరు తెరుచుకుని కనిపించింది. దాన్ని మార్చారు. డొల్ల పెచ్చు రాలగొట్టి కొత్తగా పూత వేశారు. తర్వాత అతను తమ వీధిలో ఎవరెవరి బాత్రూముల్లో గ్యాసు గీజర్లున్నాయో వాకబు చేసి, ఇళ్ళకు వెళ్ళి మరీ చెప్పాడు. ఒకాయన, మా ఇంటి బాత్రూము సంగతి నీకెందుకని మొహం మీదే అన్నాడు. శివరామయ్య కోపం తెచ్చుకోకుండా అరుగు మీద కూర్చుని, జరిగిందంతా మొదటినుంచి చెప్పాడు. ఆయన గీజరును బయటి గోడకు మార్పించుకున్నాడు.

ఝాన్సీ కొన్ని వారాలు నడికుడిలో తల్లి దగ్గరే ఉంది. తలనొప్పి తగ్గింది గానీ, మాటల మధ్యలో ఏం చెప్పబోయిందో మరిచిపోయేది. అది కూడా మెల్లగా సర్దుకుంటుందన్నాడు డాక్టరు. తిరిగి డ్యూటీలో చేరే ముందు సామాన్లు తీసుకెళ్ళడానికి తల్లితో కలిసి వచ్చింది. తోటి నర్సు గదిలోకి మారుతోందట.

"ఎందుకమ్మా? ఇక్కడే ఉండు. అంతా బాగుచేయించాం," అంది ఇందిర, ఆమె బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుతూ.

"ఆ బాత్రూంలోకి పోలేను ఆంటీ. తలుపేసుకోవాలంటే చేతులు రావట్లేదు. అమ్మోళ్ళ ఇంట్లో కూడా తెరిచిపెట్టే స్నానం చేస్తన్నా."

ఇందిర చేతిలోని దుపట్టాను పెట్టె మీద పెట్టింది. "నీకొక మాట చెప్పాల ఝాన్సీ. ఆ రోజు నువ్వు పలక్కపోతే, మా మీద కక్షతో నీళ్ళు వదిలావనుకున్నాం. మీ అంకులే కాదు. నేను కూడా. లేకుంటే ఇంకాస్త ముందే వచ్చేవాళ్ళం."

ఝాన్సీ మంచం అంచున కూర్చుంది.

"నిజం చెప్పనా ఆంటీ? నేను అనుకున్నా అట్టా. ఒళ్ళు రుద్దుకుంటా అనుకున్నా. ఇయ్యాల ట్యాపు తెరిచే ఉంచుతా, కింద మొత్తం తడిసిపోని అని. చానా కోపంగా ఉన్నింది నాకు. ఆ తర్వాతేమైందో తెలీదు."

ఇందిర ఆమె వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి ఏడుపు వచ్చింది. దాంట్లోనే ఎందుకో నవ్వు కూడా వచ్చింది. ఝాన్సీ ముందు కళ్ళు తుడుచుకుంది.

కింద గేటు దగ్గర యల్లమంద ఆటో హారను కొట్టాడు. ప్రేమమ్మ, శివరామయ్య వంటసామాను అట్టపెట్టెలు ఆటో వెనక ఎక్కిస్తున్నారు. ఆ పెట్టె బరువు, నేను పడతా ఉండండని శివరామయ్య అంటుంటే, నాకు చేతుల్లేవా అయ్యా అంటోంది ప్రేమమ్మ. ఇందిర, ఝాన్సీ చెరో పక్కనా బట్టల పెట్టె పట్టుకుని మెట్లు దిగసాగారు. సగంలో ఝాన్సీ ఆగింది. తల తిరుగుతోందన్నది. పెట్టె మెట్టు మీద దించి, ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

"తొందరేం లేదులే," అంది ఇందిర. కింద ఆటో మళ్ళీ హారను కొట్టింది. ఆమె రెయిలింగు మీదుగా తొంగి చూసి, ఆగమని చెయ్యి ఊపింది.